నేను తిప్పేసిన గుండె

గుండె కుడివైపున ఉన్న మనిషిని నా ఉద్యోగంలో రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఆ మనిషి మా వదినే. మొదటిసారి చూసినప్పుడు నమ్మలేదు. నమ్మకపోవడంతో ఊరుకోలేదు కూడా. కంప్యూటర్‌లో ఒక్క మీట నొక్కి ఆ గుండెను ఎడమవైపుకు మార్చేశాను.

రెండోసారి చూసిన రోజు గురించి రాయాలంటే ఇప్పటికీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. సంబరం అలాంటిది. ఒక మనిషి లోపలంతా అద్దంలో బొమ్మలా అటుది ఇటు, ఇటుది అటు అయి ఉండటం, ఆ మనిషి నలభై ఏళ్లు దాటేదాకా మగ్గం నేసి, ఇద్దరు పిల్లల్ని కని పెంచి, ఒక్కరికీ అనుమానం రాకుండా తిరగడం, అదంతా తెర మీద నా కళ్ల ముందు తెరుచుకోవడం! కానీ ఆ సంబరానికి ముందు నా తప్పు ఉంది. దాన్ని వదిలేసి సంబరం మాత్రమే చెబితే మళ్లీ బొమ్మ తిప్పేసినట్టే. అందుకే తప్పుతోనే మొదలుపెడతాను.

ఆదోనిలో ఒక చిన్న నర్సింగ్ హోమ్ కింది అంతస్తులో ఎక్స్‌రేలు, సీటీ స్కాన్లు తీయడం నా పని. ఉండేది ఎమ్మిగనూరులో. రోజూ పొద్దున్నే బస్సెక్కి వస్తాను. మేము తీసిన బొమ్మలను చదివి రిపోర్టు రాసే డాక్టరు ఇక్కడ ఉండడు. ఎక్కడో హైదరాబాదులో కూర్చుని కంప్యూటర్‌లో చూస్తాడు. ఆయనకు మనిషి కనిపించడు. నేను పంపిన బొమ్మ, దాని మూల నేను పెట్టిన ‘ఆర్’ అనే అక్షరం, అంతే. ఆర్ ఉన్న పక్క మనిషి కుడిపక్క అని ఆయన నన్ను నమ్మాలి.

ఆ అక్షరాన్ని సీసంతో చేస్తారు. ఎక్స్‌రే తీయక ముందే ప్లేటు అంచున అతికించాలి. అప్పుడు దాని నీడ మనిషి నీడతో పాటే పడుతుంది, ఎవరూ మార్చలేరు. మా దగ్గర ఉన్న ఒక్క సీసం ముక్కా ఎప్పుడో పోయింది. కొత్తది తెమ్మని ఓనరు చెప్పాడు. తెస్తానన్నాను. తేలేదు. బొమ్మ వచ్చాక కంప్యూటర్‌లో అక్షరం టైపు చేయడం సులువుగా అనిపించింది. పైగా ఛాతీ బొమ్మకు పక్క తెలియకపోవడం ఏమిటి? గుండె ఎడమవైపు ఉంటుంది కదా, గుండెను చూసి అక్షరం పెట్టేయొచ్చు. ఇదీ నా లెక్క.

బొమ్మను తిప్పడం కూడా మాకు కొత్త కాదు. మనిషి గోడవైపు తిరిగి ఛాతీని ప్లేటుకు ఆనించి నిలబడితే బొమ్మ ఒక రకంగా వస్తుంది. నిలబడలేక వెల్లకిలా పడుకుంటే రెండో రకంగా వస్తుంది. అప్పుడు ఒక మీట నొక్కి సరిచేస్తాం. రోజుకు పదిసార్లు నొక్కే మీట అది.

రెండేళ్ల కిందట వదినకు నెల రోజులు దగ్గు పట్టుకుంది. వదిన అంటే మా పెద్దనాన్న కొడుకు భార్య. మా ఇంటి వెనక రెండో సందులో వాళ్ల ఇల్లు. ఇద్దరూ మగ్గం మీదే. అన్న ఆమెను నాతో పాటు బస్సులో పంపాడు. దారి పొడుగునా దగ్గుతూనే నన్ను ఆటపట్టించింది. ఎక్స్‌రే గదిలోకి వచ్చాక మెడలో తాళి వెనక్కు వేసుకోమన్నాను, వేసుకుంది. ఎడమ చేతికి, చంకకు దగ్గరగా, నల్లదారంతో కట్టిన రాగి తాయెత్తు ఉంది. ఏదో కలలో జడుసుకుంటే దర్గాలో కట్టించుకుందట. అదీ తీయమన్నాను.

“ఇది తీస్తే మళ్ల కట్టించుకునేకి పోవల్ల. నీ మిషనుకు తాయెత్తు అంటే భయమా?”

“మిషనుకు కాదు వదినా, బొమ్మలో పడతాది.”

“పడనీలే. దాన్ని గూడా సూసి మందియ్యమను. ఊపిరి పట్టల్లనా, ఇడవల్లనా? బిరీన సెప్పు, నీతో మాట్లాడి ఊపిరి అయిపాయె.”

నవ్వుతూ గది బయటికి వచ్చి ఎక్స్‌రే బటన్ నొక్కాను. తెర మీద గుండె కుడివైపు వచ్చింది.

ముందురోజే హైదరాబాదు డాక్టరు ఫోన్లో నన్ను తిట్టాడు. ఒకతను విరిగిన మణికట్టుతో వస్తే కుడి చేతికి ఎడమ అని రాసి పంపాను. “చూసి పెడతావా, నిద్రపోతూ పెడతావా?” అని అందరూ వింటుండగా స్పీకర్లో అన్నాడు. ఆ మంట ఇంకా ఆరలేదు. వదిన గుండె కుడివైపు కనిపించగానే, మళ్లీ నేనే ఏదో తప్పు చేశానని అనుకున్నాను. కడుపులో గాలిబుడగ ఎడమవైపు ఉండాలి, అదీ కుడివైపే ఉంది. అన్నీ తారుమారు. అంటే బొమ్మే తిరగబడింది. మీట నొక్కాను. గుండె, గాలిబుడగ, అన్నీ ఎక్కడివక్కడ వచ్చి కూర్చున్నాయి. మూల ‘ఆర్’ పెట్టి పంపేశాను. నిమిషం పట్టలేదు. బయట బెంచీ నిండా జనం. రిపోర్టులో ఏ దోషమూ లేదని వచ్చింది. దగ్గు రెండు వారాల్లో పోయింది.

సాయంత్రం బస్సులో ఒక ప్రశ్న వచ్చిన మాట నిజం. వదిన గోడవైపే తిరిగి నిలబడింది కదా, మరి బొమ్మ ఎలా తిరగబడింది? ఆ ప్రశ్నను కాసేపు కూడా కూర్చోబెట్టుకోలేదు. కిటికీకి తల ఆనించి నిద్రపోయాను.

ఈ ఏడు ఎండలు ముదరక ముందు, ఒక పొద్దున పది గంటలప్పుడు, అన్న వదినను ఆటోలో తీసుకొచ్చాడు. బస్సులో కూర్చోలేకపోయిందట. వంగిపోయి, పొట్ట కింద ఎడమపక్క చేత్తో అదిమి పట్టుకుని దిగింది. ముఖం పాలిపోయింది.

“ఏమైంది వదినా?”

“నీ ఫోటోల మిషను సూసి పోదామని వచ్చినా” అంది పళ్లు బిగబట్టి. “పొట్టలో ఎవరో మగ్గమేసుకొని కూసున్యారప్పా. ఈడ సూడు. ఒక్కటే గుంజుతాంది.”

అన్న చెప్పాడు. “మొన్న బొడ్డుకాడ మొదలైంది. నిన్న ఎడంపక్క కిందికి దిగింది. రెండుతూర్లు కక్కుకున్యాది. మన వీధిలో ఆరెంపీ డాక్టరు కిడ్నీలో రాయి అన్యాడు, సూదేసినాడు. తగ్గినట్లే తగ్గి మళ్ల వచ్చింది. ఇరవైనాలుగు గంటల నొప్పేమో అప్పా అని అడిగినా. అది కుడిపక్క వస్తాది, ఇది ఎడమ, నీకు తెల్సా నాకు తెల్సా అన్యాడు.”

“నిజమే అన్నా. అది కుడిపక్కే వచ్చేది” అన్నాను నేను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆ పేగు తోక నొప్పి సంగతి మా వైపు అందరికీ తెలుసు. అపెండిక్స్ అనరు, ఇరవైనాలుగు గంటల నొప్పి అంటారు. ఆలస్యమైతే పగిలి ప్రాణం తీస్తుందనీ తెలుసు, కుడిపక్క వస్తుందనీ తెలుసు.

పై అంతస్తులో కొత్తగా చేరిన చిన్నవయసు డాక్టరమ్మ ఉంది. ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు మధ్యాహ్నం గానీ రాడు. అల్ట్రాసౌండ్ చేసే డాక్టరు వారానికి మూడు రోజులే వస్తాడు, ఆ రోజు వచ్చే రోజు కాదు. డాక్టరమ్మ వదినను మంచం మీద పడుకోబెట్టి పొట్ట నొక్కింది. వదిన అరిచింది. మూత్రం పరీక్ష కాగితం పట్టుకుని నేను వార్డు గుమ్మంలో నిలబడ్డాను.

డాక్టరమ్మ స్టెతస్కోపు ఛాతీకి ఎడమవైపు పెట్టింది. కనుబొమలు ముడిచింది. కొంచెం జరిపింది. ఇంకా జరిపి కుడివైపు పెట్టి, అక్కడే ఆగింది.

“మీ గుండె ఈ పక్క బాగా వినిపిస్తోందేంటమ్మా?”

“మా ఆయన్ను అడుగు మేడమ్మా. నాది గుండె కాదు, బండ అంటాడు.”

అంత నొప్పిలోనూ పక్క మంచాల వాళ్లను నవ్వించింది. డాక్టరమ్మ నవ్వలేదు. “ఛాతీ ఎక్స్‌రే ఎప్పుడైనా తీయించారా?” అని అడిగింది. అన్న సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. మా వాళ్లు ఆస్పత్రి కాగితం ఒక్కటీ పారేయరు, బీరువాలో పట్టుచీరల మధ్య దాస్తారు. రెండేళ్ల నాటి ఫిల్ము కొత్తదానిలా ఉంది. డాక్టరమ్మ దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది.

“ఎడమవైపే ఉంది, బాగానే ఉంది. నా చెవిదే తప్పు” అని తనే నవ్వుకుని స్టెతస్కోపు మెడలో వేసుకుంది.

అప్పుడు చూశాను. ఆ ఫిల్ములో ‘ఆర్’ అక్షరం కింద, భుజం దిగువన అంచులో, పెసరకాయ ముక్కంత తెల్లటి నీడ ఉంది. తాయెత్తు. కుడి చేతికి! మంచం మీద వదిన చేయి చూశాను. నల్లదారం ఎడమ చేతికే ఉంది. మగవాళ్లు కుడి చేతికి, ఆడవాళ్లు ఎడమ చేతికి కట్టుకుంటారు. మా వైపు పసిపిల్లను అడిగినా చెబుతుంది. వదిన కుడి చేతికి కట్టుకునే మాటే లేదు.

రెండేళ్ల కిందటి ఆ నిమిషం, ముందురోజు తిట్లు, నేను నొక్కిన మీట, బస్సులో వచ్చిన ప్రశ్న, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. ఆ రోజు బొమ్మ తిరగబడలేదు. వదిన గుండె నిజంగానే కుడివైపు ఉంది. ఇప్పుడు డాక్టరమ్మ చెవికి నిజం వినిపిస్తే, నా ఫిల్ము దాన్ని అబద్ధం చేసింది.

ఇంకొకటి కూడా నాకు తెలుసు. చదువుకునే రోజుల్లో సారు చెప్పాడు. లక్షల్లో కొందరికి గుండె ఒక్కటే కాదు, కాలేయం, కడుపు, పేగులు అన్నీ పక్కలు మారి ఉంటాయట. అలా అయితే ఆ పేగు తోక కూడా ఎడమవైపు ఉంటుంది. ఆ నొప్పీ ఎడమవైపే వస్తుంది.

అప్పుడే నోరు తెరవాల్సింది. తెరవలేదు. కాగితం బల్ల మీద పెట్టి మెట్లు దిగి నా గదిలోకి వెళ్లిపోయాను. పాత బొమ్మ తీసి మళ్లీ మీట నొక్కాను. గుండె కుడివైపు, తాయెత్తు ఎడమవైపు. దాని ముందు కూర్చున్నాను. ఓనరు ఏమంటాడు, హైదరాబాదు డాక్టరు ఏమంటాడు, అన్న ముఖం ఎలా మారుతుంది, ఇవే ఆలోచించాను. పైన నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి నాలుగో ఆలోచనగా వచ్చింది. ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. చాలా సేపు కాదు. కానీ కూర్చున్నాను.

చివరికి ఒక తెలివైన దారి కనిపించింది. కొత్తగా ఎక్స్‌రే తీస్తే సరి! గుండె కుడివైపు ఉందని అదే చెబుతుంది. పాతదాని మాట ఎత్తక్కర్లేదు. పైకి పరుగెత్తాను. డాక్టరమ్మ అప్పటికే సెలైను, నొప్పి మందు రాసేసింది. సాయంత్రం ఇంటికి పంపుదాం, ఎల్లుండి అల్ట్రాసౌండ్ డాక్టరు వచ్చాక మళ్లీ రమ్మందాం అని నర్సుకు చెబుతోంది.

“మేడమ్, జ్వరం ఉంది కదా, ఛాతీకి కొత్తది ఒకటి తీద్దామా?”

“సరే, తీయండి” అంది.

వదిన నిలబడలేకపోయింది. అన్న ఇనప కవచం లాంటి సీసం కోటు తొడుక్కుని ఆమెను వెనక నుంచి పట్టుకున్నాడు. “సరిగ్గా గోడవైపు చూడు వదినా, ఛాతీ ఆనించు” అని నేను మూడుసార్లు చెప్పాను.

“ఎన్నితూర్లు సెప్తావప్పా? గోడతోనే పెండ్లి సేసేటట్లుండావే.”

తీశాను. తెర మీద బొమ్మ మెల్లగా తేలింది. గుండె మొన కుడివైపుకు తిరిగి ఉంది. గాలిబుడగ దాని కిందే, కుడివైపే. ఎడమ చేతి పక్కన తాయెత్తు. నేను ఏ మీటా ముట్టుకోలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూశాను. ఎంత అందంగా ఉందా బొమ్మ! నా జీవితంలో అంతటి దాన్ని చూడలేదు. లేదు, చూశాను. చూసి తిప్పేశాను.

ఫిల్ము ప్రింటు తీసుకుని మెట్లు రెండేసి ఎక్కుతూ డాక్టరమ్మ గదికి వెళ్లాను. ఆమె కొత్తదీ పాతదీ పక్కపక్కన కిటికీకి పట్టి చూసింది.

“ఇది తిరగబడింది. పాతదాంట్లో చూడండి, ఎడమవైపు ఉంది కదా. ఇంకోసారి తీసి సరిగ్గా పంపండి.”

నా తెలివి అంతటితో సరి. నేను వేసిన పాత అబద్ధం నా కొత్త నిజాన్ని నిలబడనివ్వలేదు. అంతలో అన్న గుమ్మంలోకి వచ్చాడు. “మేడమ్, మళ్ల కక్కుకుంటాంది. ఒళ్లు కాలిపోతాంది. జర సూడండి” అని చెప్పి, జవాబు కోసం ఆగకుండా వెనక్కు పరుగెత్తాడు. డాక్టరమ్మ లేచింది. ఆమె గది దాటితే ఇక నాకు ధైర్యం రాదని తెలుసు.

“తప్పు కొత్తదాంట్లో లేదు మేడమ్. పాతదాంట్లో ఉంది. నేనే తిప్పినా.”

“ఏం తిప్పారు?”

“బొమ్మను. గుండె అప్పుడు కూడా కుడివైపే వచ్చింది. నా పొరపాటు అనుకొని తిప్పేసినా. ఎవరికీ చెప్పల్యా. ఇదో, ఈ తాయెత్తు చూడండి. రెండు ఫిల్ముల్లోనూ గుండె ఒక పక్క ఉంటే తాయెత్తు ఇంకో పక్క ఉంది. తాయెత్తు ఆమె ఎడమ చేతికి కట్టింది. మీరే పోయి చూడండి. మీ చెవి తప్పు కాదు మేడమ్.”

ఆమె నన్ను ఒక్క చూపు చూసింది. తిట్టలేదు, తిట్టడానికి టైం లేదని నాకు తర్వాత అర్థమైంది. రెండు ఫిల్ములూ చేత్తో పట్టుకుని వార్డులోకి దాదాపు పరుగెత్తింది. వదిన ఎడమ చేయి ఎత్తి నల్లదారం చూసింది. స్టెతస్కోపు కుడివైపు పెట్టి కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచేసరికి ఆమె ముఖం వెలిగిపోతోంది. “అయ్యో, ఇక్కడుందే!” అంది, చిన్నపిల్లకు దాగుడుమూతల్లో మనిషి దొరికినట్టు. వెంటనే పెద్ద డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన స్కూటర్ మీద పావుగంటలో వచ్చాడు. ఆయనా విన్నాడు, పొట్ట నొక్కాడు, ఫిల్ములు చూశాడు. “సీటీకి పట్టండి” అని ఒకే మాట అన్నాడు.

సీటీలో కూడా మనిషిని ఎటు తల పెట్టి పడుకోబెట్టామో కంప్యూటర్‌కు తప్పు చెబితే బొమ్మ తిరగబడుతుంది. ఆ రోజు ఆ వివరం నింపే గడిని నాలుగుసార్లు చదివాను. తల ఎటు, పాదాలు ఎటు, వేలు పెట్టి చూసుకున్నాను. డాక్టరమ్మను కూడా చూడమన్నాను. ఇరవై ఏళ్ల పనిలో ఎవరినీ అలా అడగలేదు.

బల్ల లోపలికి జరిగింది. బొమ్మలు రావడం మొదలయ్యాయి. మనిషిని పైనుంచి కిందికి పలచటి ముక్కలుగా కోసినట్టు ఒక్కొక్కటీ తెర మీద జరుగుతుంది. నా వెనక పెద్ద డాక్టరు వంగి చూస్తున్నాడు, పక్కన డాక్టరమ్మ కుర్చీ కూడా లేకుండా మోకాళ్ల మీద కూర్చుంది. ముందు గుండె, కుడివైపు. దాని కింద కాలేయం రావాలి, అంత పెద్దది ఎవరికైనా కుడివైపే ఉంటుంది. ఎడమవైపు వచ్చింది!

“లివర్ చూడండి సార్! ఎడమవైపు!”

“చూస్తున్నానమ్మా. అదిగో, కడుపు కుడివైపు. కిందికి పోనీ. మెల్లగా పో.”

మౌసు చక్రాన్ని మెల్లగా తిప్పాను. ఒక్కో ముక్కా దాటుతూ, పెద్దపేగు మొదలయ్యే చోటుకు వచ్చాం. అది కూడా ఎడమవైపే. అక్కడి నుంచి ఒక సన్నటి తోక బయలుదేరింది. మామూలుగా పెన్సిలంత కూడా ఉండదు. ఇది బొటనవేలంత ఉబ్బింది. దాని మొదట్లో ఇసుకరేణువు లాంటి తెల్లటి రాయి అడ్డుపడి ఉంది. చుట్టూ కొవ్వు మబ్బు పట్టినట్టు మసకబారింది.

“పగిలిందా సార్?” అని అడిగాను.

పెద్ద డాక్టరు ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వచ్చాడు. “ఇంకా లేదు” అన్నాడు. “టేబుల్ సిద్ధం చేయమను. ఇప్పుడే.”

హైదరాబాదు డాక్టరుకు బొమ్మలు పంపగానే ఫోన్ వచ్చింది. నన్ను తిట్టిన ఆయనే. “ఎవరయ్యా ఈమె? ఇలాంటివి పుస్తకంలో చూశాను గానీ...” అని పెద్దగా అరుస్తున్నాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆపరేషన్ గదిలో నర్సు అలవాటుగా సామాను ఒక పక్క పేర్చిందట. పెద్ద డాక్టరు వెళ్లి రెండో పక్కన నిలబడి, “ఈ రోజు మనమంతా ఈ పక్కకు కాపురం మార్చాలి” అన్నాడట. మధ్యాహ్నం దాటాక గిన్నెలో ఆ తోకను తెచ్చి అన్నకు చూపించాడు. ఎర్రగా, కమిలిపోయి ఉంది. ఇంటికి పోయి ఉంటే సాయంత్రానికో రాత్రికో లోపలే పగిలి ఉండేదన్నాడు. అన్న గోడకు ఆనుకుని అలాగే కూర్చుండిపోయాడు.

ఆ తర్వాత ఇంకో తప్పు చేశాను. అదీ చెప్పాలి.

అన్న లేచి నన్ను కావలించుకున్నాడు. “మా తమ్ముడు లేకుంటే ఏమైతుండెనో. కొత్తగా తీద్దామని వీడే పట్టు పట్టినాడు” అని వార్డంతా వినేటట్టు చెప్పాడు. డాక్టరమ్మ అక్కడే ఉంది. నా వైపు చూసి, నేనే చెబుతానని వదిలేసింది. నేను చెప్పలేదు. మరునాడు ఎమ్మిగనూరులో టీ అంగడి దగ్గర పదిమంది చుట్టూ చేరారు. గుండె కుడివైపు, కాలేయం ఎడమవైపు అని నేను చేతులు ఊపుతూ చెబుతుంటే మగ్గాలు వదిలి వచ్చి విన్నారు. “చీరను తిరగేసి కట్టినట్ల బ్రహ్మ ఆమెను తిరగేసి నేసినాడప్పా” అన్నాడొకాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రెండేళ్ల కిందటి నిమిషాన్ని మాత్రం నా మాటల్లోంచి మీట నొక్కినట్టే తీసేశాను.

డాక్టరమ్మ చెప్పినట్టుంది, పెద్ద డాక్టరు కూడా ఆ మరునాడే నన్ను తన గదిలోకి పిలిచాడు. గొంతు పెంచలేదు. “ఇలా ఇంకెన్ని తిప్పావు?” అని అడిగాడు. తెలియదన్నాను. “అదే నాకు భయం” అన్నాడు. ఆ రోజే సీసం అక్షరాలు తెప్పించాను. ఇప్పుడు భోజనం వేళ పాత ఛాతీ బొమ్మలను ఒక్కొక్కటే తెరిచి, అసలు తీసినప్పుడు ఎలా వచ్చాయో చూస్తున్నాను. ఇంతవరకు వదిన లాంటిది ఇంకొకటి దొరకలేదు. చూడాల్సినవి చాలా ఉన్నాయి.

ఆపరేషన్ అయిన మూడో రోజు వదిన మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుంది. అన్న టీ తేవడానికి కిందికి వెళ్లాడు. ఇప్పుడు చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేననిపించింది. స్టూలు దగ్గరికి లాక్కుని మొత్తం చెప్పాను. మధ్యలో ఆపలేదు, ఆపితే సాకులు చెబుతానని భయం.

వదిన అంతా వింది. కుట్ల మీద చెయ్యి పెట్టుకుని కిటికీలోకి చూసింది.

“అంటే, నా గుండె యాడుందో పెండ్లైన నాటినుంచి మీ అన్నకు తెలీదు, కన్న మాయమ్మకు తెలీదు, నాకే తెలీదు. నువ్వొక్కడివే సూసినావు.”

“ఊ.”

“సూసినోడివి నువ్వే. తిప్పినోడివీ నువ్వే.”

“ఊ.”

“మొన్న ఈడికి వచ్చినప్పుడు, ఎడంపక్క అది రాదన్యావు గదా.”

“అన్యా.”

“టీ అంగడికాడ భలే సెప్పినావంట. మా అక్క కొడుకు ఫోన్‌సేసి సెప్పినాడు. మా సిన్నాయన కనిపెట్టినాడు అని.” నా ముఖంలోకి సూటిగా చూసింది. ఆ చూపులో నవ్వు లేదు. “సచ్చిపోయింటే గూడా అట్లనే సెప్తాంటివా?”

తల వంచుకున్నాను. తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. నా జేబులోని పెన్ను వైపు చూపించింది.

“మేడమ్ము సెప్పింది, లోపలంతా ఇట్లుందని ఒక కాగితం రాయించుకొని ఎప్పుడూ దగ్గర పెట్టుకోవల్లంట. నువ్వే రాయి. తెలుగులో రాయి, నాకు అర్థమయ్యేటట్ల.”

ఒక గట్టి అట్టముక్క తీసుకుని పెద్ద అక్షరాలతో రాశాను. ఈమె గుండె కుడివైపు ఉంది. కాలేయం ఎడమవైపు. లోపలి భాగాలన్నీ పక్కలు మారి ఉన్నాయి. అపెండిక్స్ తీసేశారు.

వదిన అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. “ఆ పాత ఫిల్ము మాకాడే ఉండాది గదా. రేపు ఇంకొకరు దాన్ని సూసి నమ్మితే? అది గూడా రాయి.”

పాత ఎక్స్‌రే నమ్మవద్దు, దాన్ని తిప్పేశారు, అని రాశాను.

“తిప్పేశారు అంటే? గాలికి తిరిగిందా? ఎవరు తిప్పినారో రాయి.”

కొట్టేసి, తిప్పింది నేను, అని రాశాను.

“నేను అంటే నాకు తెల్సు. డాక్టరుకు ఎట్ల తెల్సల్ల? పేరు రాయి.”

నా పేరు రాశాను. ఊరు రాయమంది, రాశాను. అట్టను చేతిలోకి తీసుకుని మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చదువుకుంది. అంతలో అన్న టీ చెంబుతో, మూడు గ్లాసులతో లోపలికి వచ్చాడు. “ఏమప్పా, డాక్టరు తమ్ముడా, ఇంకేం కనిపెట్టినావు?” అన్నాడు నవ్వుతూ.

వదిన అట్టను ఆయన చేతికిచ్చింది.

“గట్టిగా సదువు” అంది.

అన్న గ్లాసులు కింద పెట్టి, జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని, అట్టను వెలుతురు వైపు తిప్పి, మొదటి వాక్యం చదవడం మొదలుపెట్టాడు. నేను స్టూలు మీంచి లేచి నిలబడ్డాను.